చివర్న ఈ ఏడు

మా పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. సాఫ్ట్‌వేర్ కీ పోయింది సార్, కంప్యూటర్‌లో ఎక్కడ వెతకాలి అని అడుగుతారు. తెలిసినంత చెప్తాను. చెప్తున్నంతసేపూ నా అరచేతులు చెమట పడుతూనే ఉంటాయి. రిటైరై ఇంట్లో కూర్చున్న మనిషికి ఎవరిదో కీ పోతే ఈ భయమేమిటని మా ఆవిడ నవ్వుతుంది. ఆ రోజు మిర్యాలగూడ మిల్లు కాంటా దగ్గర ఆమె లేదు. ఉంటే నవ్వేది కాదు.

ముందు నా పనేమిటో చెప్పాలి. నేను కాంటాల మనిషిని. లారీలు, ట్రాక్టర్లు ఎక్కి నిలబడే పెద్ద కాంటాలు ఉంటాయి చూడండి, రోడ్డు పక్కన ధర్మకాంటా అని బోర్డు పెడతారే, అవి. కింద ఇనుప పలక, పక్కన చిన్న గది, గదిలో కంప్యూటర్. బండి పలక మీదికి ఎక్కితే బరువు తెర మీద పడుతుంది, చిట్టీ ప్రింటవుతుంది. ఇల్లు సూర్యాపేటలో. కోదాడ నుంచి హాలియా దాకా ఏ కాంటా మొరాయించినా బ్యాగు భుజాన వేసుకుని బస్సెక్కేవాణ్ణి. నేను ఇనుము పని నేర్చుకుని ఈ ఉద్యోగంలో చేరాను. కంప్యూటర్లు తర్వాత వచ్చి నెత్తినెక్కాయి. ఇనుముతో నాకెప్పుడూ పేచీ లేదు, విరిగితే విరిగినట్టు కనిపిస్తుంది. కంప్యూటర్ అట్లా కాదు. లోపల ఏమైందో చెప్పకుండా మొహం మాడ్చుకుని కూర్చుంటుంది.

మా లైనులో ఒక అలవాటు ఉంది, అదీ ఇక్కడే చెప్పేస్తాను. ఫోన్లో నంబర్లు చెప్పుకునేటప్పుడు మేం అంకెలను ఇంగ్లీషులో అనం. మిల్లు మోతలో ఫైవ్ అంటే నైన్ అని వినిపిస్తుంది. అందుకని అక్షరాలు ఇంగ్లీషులో, అంకెలు తెలుగులో. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ మంచి పద్ధతి. చాలా పొరపాట్లు తప్పించింది.

అప్పటికి దసరా పోయి కొన్నాళ్లయింది, వానాకాలం వరి కోతలు జోరు మీదున్నాయి. పొద్దున సూర్యాపేట బస్టాండ్ దగ్గర ఇడ్లీ తింటుంటే మిర్యాలగూడ మిల్లులో కాంటా గది చూసుకునే ఆపరేటర్ నుంచి ఫోన్ వచ్చింది. ముప్పై దాటిన ఆడమనిషి, ఊరికే పరేషాన్ అయ్యే రకం కాదు. ఆ రోజు మాత్రం హలో కూడా అనకుండా మొదలుపెట్టింది. కంప్యూటర్ పోయిందట, కాంటా మీద బండి ఉండగానే పోయిందట, గేటు బయట లైను కనుచూపు మేర ఉందట. ఇడ్లీ అట్లాగే వదిలేసి బస్సెక్కాను.

కోతల కాలంలో మిర్యాలగూడ చూడనివాళ్లకు ఈ కంగారు అర్థం కాదు. మిషన్ కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి. ఆరబెట్టే జాగా లేక రైతులు పొలం నుంచే మిల్లుకు తోలుకొస్తారు. టోకెన్ పట్టుకుని, వంతు వచ్చేదాకా రోడ్డు మీద ఆగుతారు. ట్రాలీలో ఆగిన పచ్చి వడ్లు ఊరికే ఉండవు, లోలోపల వేడెక్కుతాయి. వేడెక్కితే గింజ రంగు మారుతుంది. రంగు మారిందంటే ఆ మిల్లు కాదు, ఏ మిల్లూ దింపుకోదు. ఒక పంట మొత్తం ట్రాలీలోనే పాడైపోతుంది.

నేను చేరేసరికి కాంటా పలక మీద ఒక ట్రాక్టర్, దాని వెనక నిండు ట్రాలీ. ట్రాలీ మీద ఒకామె పరదా పైకెత్తి వడ్లకు గాలి తగిలిస్తోంది. యాభై దాటి ఉంటుంది. హాలియా దగ్గరి తండా నుంచి వచ్చిన కౌలు రైతు. ట్రాక్టర్ డ్రైవర్‌తో తన భాషలో, మాతో తెలుగులో మాట్లాడుతోంది. ముందు రోజు పొద్దున కోయించిన వడ్లు, రాత్రంతా రోడ్డు మీదే ఉన్నాయి. తీరా వంతు వచ్చి కాంటా ఎక్కాక కంప్యూటర్ పోయింది.

నా బ్యాగు చూడగానే ఆమె కిందికి దిగింది. "సారు, ఒక్కసారి చెయ్యి పెట్టి సూడు" అంది.

ట్రాలీ పక్క ఇనుప మెట్టెక్కి వడ్లలోకి మోచేతి దాకా పోనిచ్చాను. పైన చల్లగా ఉన్నాయి. లోపల జ్వరమొచ్చిన పిల్లల కడుపు పట్టుకున్నట్టు ఉంది.

"ఎంతసేపు ఆగుతయి?" అని అడిగాను. అది నేను ఆమెకు చెప్పాల్సిన మాట గానీ అడగాల్సిన మాట కాదు.

"పొద్దుగూకేదాంక కష్టం సారు" అంది. ఏడవలేదు, అరవలేదు. మళ్లీ ట్రాలీ ఎక్కి పరదా పట్టుకుంది. నేను గబగబా కాంటా గదిలోకి నడిచాను.

చేతిరాత చిట్టీ రాసి బండి దింపుకోవచ్చు కదా అని మీరనొచ్చు. నేనూ మిల్లు యజమాని సేటుతో అదే అన్నాను. పోయిన సీజన్లో చేతిరాత చిట్టీల మీద పెద్ద లొల్లి అయిందట. రైతులు మిల్లును నమ్మలేదు, మిల్లు రైతులను నమ్మలేదు. చివరికి ఇద్దరూ కూర్చుని, మిషన్ కొట్టిన చిట్టీ ఉంటేనే తూకం అని మాట అనుకున్నారు. మనుషుల మీద నమ్మకం పోయాక అందరూ కలిసి నమ్మింది ఆ డబ్బానే. ఆ డబ్బా ఇప్పుడు నల్లమొహం వేసుకుని కూర్చుంది. కాంటా మీది బండిని వెనక్కి తీసి వేరే మిల్లుకు పోదామన్నా అక్కడ కొత్త టోకెన్, కొత్త లైను.

డబ్బా విప్పి చూస్తే హార్డ్‌డిస్క్ చచ్చింది, పూర్తిగా కాకపోయినా కొనఊపిరితో ఉంది. కొత్త డిస్క్ నా బ్యాగులోనే ఉంది. దాన్ని పెట్టి, అన్నీ ఎక్కించి, పెన్‌డ్రైవ్‌లోంచి కాంటా సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కించాను. అంతదాకా చేతులు వాటంతటవే పనిచేశాయి. అప్పుడు తెర మీద ఒక చిన్న కిటికీ తెరుచుకుంది. ప్రొడక్ట్ కీ, అంటే సాఫ్ట్‌వేర్ తాళం తీసే అక్షరాలూ అంకెల వరస, కొట్టమంటోంది. కీ లేకపోతే బరువు కనిపిస్తుంది, చిట్టీ మాత్రం రాదు. దాని కింద ఎర్ర అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది. ఐదుసార్లు తప్పు కొడితే తెల్లారేదాకా తలుపు మూసేస్తానని.

కీ ఎప్పుడూ డబ్బా పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది. డబ్బాను తిప్పాను. స్టిక్కరుంది. దాని మీద పసుపు, పసుపు మీద కుంకుమ బొట్లు. అక్షరాలు లేవు.

"దసరాకు పూజ జేసినం సార్" అంది ఆపరేటర్ నెమ్మదిగా. "ప్రతి దసరాకు జేస్తం. తడిబట్టతోని తుడిసి, పసుపు రాసి బొట్లు పెడ్తం. ఖాళీ జాగ ఏడుంటదని, గా తెల్ల కాయితం మీదనే పెట్టుకుంట వస్తున్న."

మా ఇంట్లో నా పానాల పెట్టెకు నేను చేసేదీ అదే. ఏళ్ల తరబడి భక్తిగా తుడిచి తుడిచి కీని దేవుడిలో కలిపేశారు. పైగా ఆ కిటికీ తెరుచుకోగానే, నేను తీగలు సర్దుకుంటుండగా, స్టిక్కర్ మీద మసగ్గా కనిపించిందేదో కొట్టి చూశానని కూడా చెప్పింది. ఐదింటిలో ఒకటి అట్లా పోయింది.

సేటు గది గుమ్మంలోకి వచ్చి ఎంతసేపు పడుతుందని అడిగాడు. చూస్తున్నానన్నాను. మళ్లీ వచ్చి అదే అడిగాడు. పని చేసేవాడి వెనక నిలబడి ఎంతసేపు అని అడిగితే పని రెండింతలు ఆలస్యమవుతుందని ఈ దేశంలో ఏ యజమానికీ ఎవరూ చెప్పినట్టు లేదు. కంపెనీకి ఫోన్ చేశాను. సెలవు రోజు, ఒక ఆడగొంతు రికార్డు పాట పాడి పెట్టేసింది.

ఇక మిగిలింది పాత డిస్క్. కీ ఒకసారి కొట్టిన కంప్యూటర్ దాన్ని ఎక్కడో ఒకచోట దాచుకుంటుంది. పిల్లలూ, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి, స్టిక్కర్ పోయినా కీ లోపల ఉంటుంది. పాత డిస్క్‌ను తీగతో నా లాప్‌టాప్‌కు తగిలించాను. టిక్కు టిక్కుమంటోంది. ఆ చప్పుడు ఆగిపోతే అంతా ఖతం. కీలు వెతికిపెట్టే చిన్న ప్రోగ్రామ్ ఒకటి నా దగ్గరుంది, దాన్ని వదిలాను. కాసేపటికి బారెడు కీ ఒకటి తెర మీద పడింది. నా సంతోషానికి అంతులేదు. ఆపరేటర్‌కు చదివి వినిపిస్తే ఆమె కొట్టింది. తప్పు అంది.

అది కంప్యూటర్ తాలూకు కీ, కాంటా సాఫ్ట్‌వేర్‌ది కాదు. పొడుగు చూస్తేనే తెలియాలి, కంగారులో కళ్లు కనిపించలేదు. రెండోదీ పోయింది.

గదిలో ఫ్యాన్ తిరుగుతోంది, నా చొక్కా మాత్రం వీపుకు అతుక్కుపోయింది. ఈసారి ప్రోగ్రామ్‌ను నమ్మకుండా కాంటా సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌లోకి నేనే దూరి ఒక్కో ఫైలూ తెరిచి చూశాను. డిస్క్ మధ్యమధ్యలో ఆగిపోతోంది. ఆగినప్పుడల్లా నేనూ ఊపిరి ఆపుకుంటున్నాను. సెట్టింగులు దాచుకునే ఫైలులో దొరికింది. ఈసారి నిజంగా అదే, మా సాఫ్ట్‌వేర్ పేరు పక్కనే ఉంది. కాగితం మీద రాసుకున్నాను. చివరి రెండు అక్షరాల దగ్గర మాత్రం రెండు చుక్కగుర్తులున్నాయి. ఎవరూ దొంగిలించకూడదని కంపెనీవాళ్లు కప్పిపెట్టారు. ఆ ఫైలును కాపీ చేసుకుంటుండగానే డిస్క్ టిక్కుమనడం మానేసింది.

రెండంటే రెండు అక్షరాలు. బయట ట్రాలీ మీద ఆమె వడ్లను చేతులతో అటూ ఇటూ తిరగేస్తోంది. ఎండ నడినెత్తికొచ్చింది.

అప్పుడు గుర్తొచ్చాడు కోదాడ డీలర్. ఈ చుట్టుపక్కల కాంటాలన్నిటికీ ఆ సాఫ్ట్‌వేర్ అమ్మింది ఆయనే. ఆ వ్యాపారం మానేసి ఇప్పుడు కోదాడలోనే కర్రీ పాయింట్ పెట్టుకున్నాడు. ఫోన్ ఎత్తాడు. వెనక మిక్సీ మోత, గిన్నెల చప్పుడు, పప్పు ఎంత, పులుసు ఎంత అని జనం. సంగతి చెప్పి, చివరి రెండూ ఏముంటాయని అడిగాను.

"మా దగ్గర్నుంచి వెళ్లిన కీలన్నిటికీ చివర్న ఈ ఏడే ఉంటదండీ" అన్నాడు.

"ఏ ఏడు?" అన్నాను.

"ఏ ఏడు కాదండీ, ఈ ఏడు."

"ఈ ఏడా? పెట్టి చాన్నాళ్లయింది కదా?"

"ఎప్పుడు పెట్టినా ఈ ఏడేనండీ. మీరు కొట్టండి, వస్తది" అని, ఎవరికో సాంబారు కట్టమని చెప్తూ ఫోన్ పెట్టేశాడు.

చదువుతున్న మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. మీరు నీడపట్టున కూర్చుని చదువుతున్నారు. నేను వేడెక్కుతున్న వడ్ల పక్కన కూర్చుని విన్నాను. ఈ ఏడు అంటే ఈ సంవత్సరం అనుకున్నాను. కీ ఎప్పుడు కొట్టినా చివర్న ఆ సంవత్సరం అంకెలు పెట్టాలి కాబోలు, కంపెనీవాళ్లు తెలివిగానే చేశారే అని మెచ్చుకున్నాను కూడా. జరుగుతున్న సంవత్సరం చివరి రెండంకెలు కొట్టించాను. తప్పు అంది.

మళ్లీ ఆలోచించాను. ఆయన లెక్కలో ఈ ఏడు అంటే అమ్మిన ఏడు కావచ్చు. ఆ కాంటా ఏ సంవత్సరం పెట్టామో నాకు బాగా గుర్తే. ఆ అంకెలు కొట్టించాను. తప్పు అంది. ఎర్ర అక్షరాలు ఇంకా పెద్దవయ్యాయి. ఇక ఒక్కటే మిగిలింది.

కోదాడకు ఫోన్ కలిపాను, మోగింది, ఎత్తలేదు. మళ్లీ కలిపాను, ఎత్తలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ కర్రీ పాయింట్ నడిపేవాడు ఫోన్ ఎందుకెత్తుతాడు? అక్కడికి బస్సెక్కి పోయివచ్చేసరికి పొద్దు వాలిపోతుంది. ఇన్నేళ్లలో ఎన్నో కాంటాలు బాగుచేశాను, కొన్ని చేతకాక వదిలేసి వచ్చాను. చేతకాదని చెప్పడం నాకేం నామోషీ కాదు. కానీ ఆ రోజు కిటికీలోంచి చూస్తే ఆమె కనిపిస్తోంది, ఆమెకు ఆ మాట చెప్పడమెట్లాగో తెలియలేదు. సేటు వచ్చి, పనయ్యేట్టు లేకపోతే బండిని వెనక్కి తీయించేస్తానన్నాడు. జర ఆగండి సేటూ అన్నాను. ఎందుకాగాలో నాకే తెలియదు.

సేటు మాట బయటికి వినిపించినట్టుంది. ట్రాక్టర్ డ్రైవర్ కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఆపరేటర్‌కు ఊరికే కూర్చోవడం చేతకాదు. పాత డిస్క్‌తో పాటు బండి వివరాలూ పోయాయి కదా, కంప్యూటర్ వచ్చినా రాకపోయినా రాసి పెట్టుకుందామని ఒక పాత చిట్టీ వెనక్కి తిప్పి పెన్ను తీసింది.

"అన్నా, నీ బండి నంబరు మల్లొక్కసారి చెప్పు."

"ఏపీ ఇరవై నాలుగు. ఈ. ఏడు..."

తర్వాత ఏమన్నాడో నేను వినలేదు. ఆమె పెన్ను వైపే చూస్తున్నాను. ఇరవై నాలుగు పక్కన ఆమె ఇంగ్లీషు ఈ అక్షరం రాసింది, దాని పక్కన ఏడు అంకె వేసింది. సంవత్సరం రాయలేదు. బండి నంబర్లు రోజంతా రాసే మనిషి, ఆమెకు ఆ అనుమానమే రాలేదు.

అక్షరాలు ఇంగ్లీషులో, అంకెలు తెలుగులో. నేను జీవితమంతా వాడిన పద్ధతి అది. కోదాడ మనిషి ఆ పద్ధతిలోనే చెప్పాడు. ఏ ఏడు అని నేనడిగితే, అక్షరం నాకు సరిగ్గా వినపడలేదనుకుని దిద్దాడు. ఆయన అమ్మిన కీలన్నిటికీ చివర ఆయన డీలర్ గుర్తు ఉంటుంది. ఈ, ఏడు.

తెలిసింది కదా అని ధైర్యమేం రాలేదు, భయం ఇంకా ఎక్కువైంది. ఇదీ తప్పయితే తెల్లారేదాకా తలుపు మూసుకుపోతుంది. ఇంకోసారి కోదాడకు కలిపాను. మోగి మోగి ఆగిపోయింది. ట్రాలీ ఆమె కూడా కిటికీ దగ్గరికొచ్చింది. మా మొహాలు చూస్తూ నిలబడింది.

నువ్వే కొట్టమ్మా అని ఆపరేటర్‌కు కుర్చీ జరిపాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, కీబోర్డును తాకి కళ్లకద్దుకుంది. ఇంకోసారైతే విసుక్కునేవాణ్ణి. ఆ రోజు నేనూ మనసులో దండం పెట్టుకున్నాను. కీ మొత్తం కొట్టింది. చివర ఈ. పక్కన ఏడు. నా వైపు చూసింది. తలూపాను.

తెర ఒక్క క్షణం తెల్లబడింది. తర్వాత ఎర్ర అక్షరాలు పోయి, కాంటా బరువు పచ్చటి అంకెల్లో వచ్చింది. ప్రింటర్ గరగరమంటూ చిట్టీ నములుతూ బయటికి తోసింది. ఆపరేటర్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

అప్పుడు మోగింది నా ఫోన్, కోదాడ నుంచి. "ఏంటండీ అన్నిసార్లు చేశారు? ఈ ఏడు అని చెప్పాగా" అన్నాడు. చెప్పావు నాయనా, చెప్పావు అన్నాను.

కీని రెండు కాగితాల మీద రాసి, ఒకటి నా బ్యాగులో వేసుకున్నాను. ఇంకోటి గోడకు అంటించాను. దాని కింద పెద్ద అక్షరాలతో, దీనికి బొట్టు పెట్టరాదు అని రాశాను. ఆపరేటర్ అది చదివి నవ్వింది. ఆ రోజు ఆ గదిలో నవ్విన మొదటి మనిషి ఆమె.

కానీ పని కాలేదింకా. చిట్టీ వచ్చిందంటే తూకం అయిందని మాత్రమే, వడ్లు తీసుకున్నారని కాదు. ట్రాక్టర్ కాంటా దిగి లోపలికి పోయింది. సేటే స్వయంగా వచ్చి ట్రాలీ మధ్యలోంచి ఒక పిడికెడు తీశాడు. వాసన చూశాడు, అరచేతిలో నలిపాడు, ఒక గింజ పంటి కింద వేసి కొరికి వెలుతురులో పట్టుకు చూశాడు. ఆమె అతని నోటి వైపు చూస్తోంది. నాకు అక్కడేం పని లేదు, బస్సుకు టైమవుతోంది, అయినా కదల్లేకపోయాను. ఇంకో పిడికెడు ఇంకా లోపల్నుంచి తీసి చూశాడు.

"వేడి పట్టినయి" అన్నాడు. పిడికిట్లోని గింజలు మళ్లీ ట్రాలీలోకి వదిలాడు. "రంగైతే మారలే. దింపుండ్రి, జల్ది దింపుండ్రి."

ట్రాలీ వెనక తలుపు తీయగానే వడ్లు బరబరా కిందికి జారాయి. కుప్ప లోంచి సన్నగా ఆవిరి లేచింది. ఆమె చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని కుప్పలోకి దిగి, కాళ్లతో వడ్లను పలుచగా నేరుపుతూ చాలాసేపు తిరిగింది. గాలి తగిలి వడ్లు చల్లబడేదాకా ఆగలేదు. తర్వాత చిట్టీ చేతిలో పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"ఏం దొరకలే సారు అంతసేపు? ఏం దేవులాడినవ్?"

రెండక్షరాలమ్మా అన్నాను. డబ్బాకు తాళంచెవి లాంటి మాట ఒకటుంటది, దాని చివర్న రెండు ముక్కలు పోయినయి, అవి దొరికితేనే చిట్టీ వస్తది అని చెప్పాను.

"ఏం ముక్కలు?"

"ఈ ఏడు" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. నేరిపిన వడ్ల వైపు తిరిగి చూసింది. చిట్టీని నాలుగు మడతలు పెట్టి, రొంటిన దోపుకుంది.

"ఈ ఏడైతే గడిసింది సారు" అంది.